నిర్మాణం అవసరం లేదు

మైకు కీచుమన్నప్పుడల్లా ఒడిలో ఉన్న ప్రవీణ చెయ్యి దానంతటదే ముడుచుకుంటోంది. జగిత్యాలలో, కోరుట్ల రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో, ఎర్ర గుడ్డ తొడిగిన కుర్చీల వరుసల మధ్య కూర్చుని ఉందామె. స్టేజీ మీద రాజేశం సార్‌కు పదవీ విరమణ సన్మానం జరుగుతోంది. ఎవరో వచ్చి దండ వేస్తున్నారు, ఆయన దాన్ని తీసి బల్ల మీద పెట్టేలోపు ఇంకెవరో వచ్చి శాలువా కప్పుతున్నారు, కూలర్ల హోరులో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి, వెనుక వంటల దగ్గరి నుంచి బగార అన్నం వాసన వచ్చి ముందు వరుసల వాళ్లను కూడా వెనక్కి తిరిగి చూసేలా చేస్తోంది. సార్ జుట్టు తెల్లబడింది, చెంపలు జారాయి, చూపుడు వేలు మాత్రం మారలేదు. మాట్లాడేవాళ్లు ఆగిన చోటల్లా బల్ల మీద టకటకమంటోంది. సిరిసిల్ల బడిలో నల్లబల్ల మీద ఆ వేలు అట్లాగే పలికేది, రాసిన ప్రతి మెట్టు పక్కనా ఒక దెబ్బ, ఎందుకు, ఎందుకు, ఎందుకు. ఆ వేలిని చూసి తరగతి మొత్తం తలలు దించుకుంటే తను మాత్రం తల ఎత్తేది, జవాబు తెలుసు కనుక. ఇప్పుడూ తల ఎత్తే ఉంది. ఎత్తితే ఎదురుగా కనిపించేది సార్ ఒక్కడే కాదు, ఆయన వెనుక గోడంత ఫ్లెక్సీ, అందులో రెండు భుజాలు సమానమైన ఒక పెద్ద త్రిభుజం, దాన్ని అటు నుంచి ఇటు తిప్పుతున్నట్టు వంకర బాణం, కింద బంగారు రంగు అక్షరాలు: గీత లేని నిరూపణ, తిప్పుడు పద్ధతి సృష్టికర్త, మన రాజేశం సార్.

రాకుండా ఉండాల్సింది. కల్పన పోరు పెట్టకపోతే వచ్చేది కాదు. కల్పన, తను, సిరిసిల్లలో ఒకే బెంచీ, ఇప్పుడు ఆమె జగిత్యాలలోనే బట్టల దుకాణం నడుపుతోంది, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు కూడా ఆమే నడుపుతోంది. అసలు కోరుట్లలో బస్సెక్కాకైనా దిగిపోయి ఉండొచ్చు. ఫ్లెక్సీ ఇట్లా ఉంటుందని అనుకోలేదు. అనుకోలేదా? ఎన్ని అబద్ధాలు చెప్పుకున్నా లోపల ఎక్కడో తెలుసు, తెలిసే వచ్చింది, కళ్లారా చూద్దామనే వచ్చింది. గుమ్మంలో మధుకర్ అనే కుర్ర మాస్టారు, ఈ సభ నడిపిస్తున్నవాడు, చేతిలో చీటీతో ఎదురొచ్చాడు. "మేడం, మీరు కోరుట్లల లెక్కల టీచరట గదా. సార్ శిష్యులల్ల లెక్కలు చెప్పేటోళ్లు మీరొక్కలే. రెండు ముక్కలు మాట్లాడాలె, కాదనద్దు." చూద్దామంది. ఏం మాట్లాడాలి? సార్ వల్లే టీచర్నయ్యాను అనాలి. అది అబద్ధం కాదు. అదే కదా అసలు చేదు, అది అబద్ధమైతే ఇంత బాధ ఎందుకుండేది.

ఎందుకంటే ఆయనే నేర్పాడు. ఎనిమిది దాకా లెక్కలంటే కూడికలూ తీసివేతలూ, ఎవరో అడిగిన దానికి ఎంతో ఒకంత జవాబు. తొమ్మిదిలో ఆయన వచ్చి బల్ల మీద నాలుగు మాటలు రాశాడు, దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. ఇచ్చిందేమిటి, తేల్చాల్సిందేమిటి, దాని కోసం కొత్తగా గీయాల్సిందేమిటి, ఎట్లా తేల్చావు. ఇంటికొచ్చి ఆ నాలుగు మాటలనూ గట్టిగా అరిచి చదివేది. అరవకపోతే వినబడవు, గోడ అవతలే సాంచల షెడ్డు, రాత్రింబవళ్లు మరమగ్గాల మోత, ఆ మోతలోనే తిండి, ఆ మోతలోనే నిద్ర. బాపు, పెంటయ్య, ఆ షెడ్డులోనే సాంచలు నడిపేవాడు. అన్నానికి వచ్చి చెవుల్లోంచి దూది తీసుకుంటూ అడిగాడు. "దత్తాంశమంటె ఏందే బిడ్డా?" "ఇచ్చింది బాపూ. మనకేమిచ్చిన్రో గది." "మనకేమిచ్చిన్రే?" అని బాపు ఎంత నవ్వాడో, నవ్వి నవ్వి పొలమారి అమ్మ నెత్తి మీద తట్టాల్సి వచ్చింది. ఆ నవ్వు తరవాత బాపు ముఖంలో మళ్లీ చూసిందా, చూడలేదేమో. చూసే ఉంటుంది, గుర్తు లేదు.

మొదట్లో ఏమీ రాలేదు. రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటే ఎదురెదురు కోణాలు సమానమని నిరూపించమన్నాడు సార్. పక్కన కారణం రాయాలి కదా, కారణమేముంది, ఎదురుగా కనబడుతూనే ఉంది కదా, అందుకని "చూస్తే తెలుస్తుంది" అని రాసింది. సార్ ఆ ముక్కను తరగతి మొత్తానికీ చదివి వినిపించాడు. నవ్వులు. అయినా ఆయన నవ్వలేదు, దగ్గరికొచ్చి మెల్లగానే చెప్పాడు. "కండ్లను నమ్మద్దు బిడ్డా. కండ్లు సాక్ష్యానికి రావు. మనసుకు తోచింది గూడ సాక్ష్యం గాదు. ఎందుకో రాసినవా, గదే సాక్ష్యం. రాయకుంటె గా లైను లేనట్టే." ఆ రోజు సాయంత్రం బతుకమ్మ వాగు దిక్కున్న బాటలో నడుస్తూ ఆ మాటను ఎన్నిసార్లు నెమరేసుకుందో. ఎందుకో చెప్పకపోతే ఆ మాట లేనట్టే. ఇంట్లో అమ్మ మాటకు కారణముండదు, ఎందుకమ్మా అంటే చెప్తున్న గనుక అంటుంది. సాంచల ఆసామి మాటకు కారణముండదు, రేపటి నుంచి రావద్దు అంటే రావద్దు. కుల పెద్దల మాటకు ఉండదు, బస్సులో కండక్టర్ మాటకు ఉండదు. ఈ ఒక్క చోట మాత్రం, పైన త్రిభుజం గీసిన ఈ ఒక్క పేజీలో మాత్రం, ఎంత పెద్దమనిషైనా ఎందుకో చెప్పకుండా కింది లైనుకు దిగలేడు. సార్ కూడా దిగలేడు. ఎంత సంతోషమేసిందో. వానలో తడిసొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఉండేది ఒక్కో నిరూపణ పూర్తయితే. కనుక, కావున, ఎందుకనగా. అమ్మతో పోట్లాడినా అవే మాటలు. "దీనికి సార్ బూతం పట్టింది" అనేది అమ్మ.

స్టేజీ మీద ఎవరో విశ్రాంత ఉద్యోగి మాట్లాడుతున్నాడు. రాజేశం సార్ పద్ధతి ఇవ్వాళ జిల్లా జిల్లాలో చెప్పుకుంటున్నారట, ప్రపంచంలో ఎవరికీ రాని ఆలోచనట. సార్ వేలు ఆగింది. సార్ తల వంచి వినయంగా నవ్వుతున్నాడు. ప్రపంచంలో ఎవరికీ రానిదా? కరీంనగర్‌లో బీఎడ్ చదివేటప్పుడు ఒక లెక్చరర్ మాటల్లో మాటగా చెప్పింది, ఈ నిరూపణ వెయ్యేండ్లకు పైబడినదని, ఎక్కడో సముద్రాల అవతల ఎవరో రాసి పెట్టిపోయారని. ఆ మధ్యాహ్నం హాస్టల్ మేడ మీద బట్టలారేసే తీగల మధ్య కూర్చుని ఏడ్చింది. తనది కాదని కాదు. తప్పు కాదని. అన్నేండ్ల కింద ఇంకో మనిషి కూడా గీత గీయకుండా అదే దారిన నడిచాడని. తోడు దొరికినట్టయింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు, ఎవరికీ చెప్పలేదు, అప్పటికి ఆ అలవాటు పోయింది.

ఆ అలవాటు పోయిన రోజు. అటు పోవద్దనుకున్నా మనసు అటే పోతుంది, దెబ్బ తగిలిన వేలికే మళ్లీ మళ్లీ గడప తగిలినట్టు. త్రిభుజంలో రెండు భుజాలు సమానమైతే వాటికెదురుగా ఉండే కోణాలు కూడా సమానం. సార్ బల్ల మీద త్రిభుజం గీశాడు, పైన ఏ, కింద బి, సి. ఏబీ, ఏసీ సమానం, అది దత్తాంశం. బి కోణం, సి కోణం సమానమని చూపాలి, అది సారాంశం. నిర్మాణం అని రాసి, పై కొన నుంచి కిందికి, కోణాన్ని రెండు సగాలు చేస్తూ ఒక గీత దించాడు. దాంతో త్రిభుజం రెండు ముక్కలైంది, ఇక ముక్కలను పోల్చడమే. అందరూ రాసుకుంటున్నారు. ప్రవీణ కాగితం పలచటిది, పేజీ తిప్పితే ముందు పేజీలో గీసిన త్రిభుజం వెనుక నుంచి కనిపించింది, బి ఉండాల్సిన చోట సి, సి చోట బి. అదే త్రిభుజం. అటు తిరిగింది అంతే. కొంచెం కూడా తేడా లేదు. ఒళ్లు జలదరించింది. మరి గీత ఎందుకు? ముక్కలు చేయడమెందుకు? చెయ్యి పైకి లేచింది, తను లేపలేదు, అదే లేచింది.

"సార్, గీత అవసరం లేదు సార్. గీత లేకుండ గూడ అయితది."

తరగతి గొల్లుమంది. సార్‌కు ముచ్చటేసినట్టుంది మొదట, సుద్దముక్క చేతికిచ్చాడు. "అయితదా? రా. నువ్వే చెప్పు పాఠం." నిర్మాణం అన్న మాట పక్కన "అవసరం లేదు" అని రాసింది. కింద ఉపపత్తి. ఏబీసీ త్రిభుజాన్నీ, ఏసీబీ త్రిభుజాన్నీ తీసుకుందాం. ఏబీ, ఏసీ సమానం, దత్తాంశం. ఏ కోణం రెండింటికీ ఉమ్మడి. ఏసీ, ఏబీ సమానం, మళ్లీ దత్తాంశమే. భుజం, కోణం, భుజం సరిపోయాయి, కనుక రెండు త్రిభుజాలూ సర్వసమానాలు. కనుక బి కోణం, సి కోణం సమానం. ప్రతి లైను పక్కనా కారణం రాసింది, ఆయన నేర్పినట్టే. అయిపోయింది. బల్లలో సగం కూడా నిండలేదు. వెనక్కి తిరిగి చూస్తే సార్ ముఖంలో ముచ్చట లేదు.

"రెండు త్రిభుజాలేవి? నాకు ఒక్కటే అవుపడుతున్నది."

"అదే సార్, ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి."

"ఒక్క మనిషి ఇద్దరైతడా? నీకు పిచ్చా? కండ్లు లేవా? ఒక్కటే ఉన్నది గదా ఈడ."

అప్పుడు అనేసింది. ఎదురు చెప్పాలని కాదు, ఆయన చెప్పిందే గుర్తొచ్చి, గుర్తొచ్చినందుకు సంతోషంతో, నవ్వు ముఖంతో అంది. "కండ్లు సాక్ష్యానికి రావని మీరే అన్నరు గద సార్."

ఎవరో వెనుక బెంచీలో కిసుక్కుమన్నారు. ఆ కిసుక్కే చేసింది అంతా. చెయ్యి చాపమన్నాడు. బెత్తం ఎన్నిసార్లు పడిందో లెక్క లేదు, లెక్క పెట్టేది కూడా తనే కదా ఆ తరగతిలో, తను లెక్క మానేసింది. తరవాత డస్టర్ తీసుకుని బల్ల మీదున్నదంతా తుడిచాడు, పైనుంచి కిందికి కాదు, కింది నుంచి పైకి, ముందు కనుక, తరవాత కారణాలు, చివరికి అవసరం లేదు. పక్కన నిలబడి చేతిని పావడాలో దాచుకుని చూస్తూనే ఉంది. మూడు నెలల పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. మొండితనం కాదు, నిజంగా కాదు, ఏ లైను తప్పో చెబితే దిద్దుకుందామనే మళ్లీ అట్లాగే రాసింది. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి "నిర్మాణమేది?" అని రాసిచ్చాడు. ఏ లైను తప్పో మాత్రం రాయలేదు. ఎందుకో రాయకపోతే లేనట్టే అన్న మనిషి. ఆ వారమంతా తరగతి బయట నిలబడి, కిటికీలోంచి పాఠం విన్నది. ఆ తరవాత గీత గీయడం నేర్చుకుంది. గైడులో ఎట్లా ఉంటే అట్లా, అచ్చుగుద్దినట్టు, కామా కూడా పోకుండా. పదిలో లెక్కలకు బడిలో అందరికంటే ఎక్కువ మార్కులు తనకే వచ్చాయి. సార్ భుజం తట్టాడు. "గిప్పుడు తొవ్వల పడ్డవ్" అన్నాడు. ఆ మాటకు అప్పుడు నిజంగా సంతోషపడింది. సంతోషపడిన ఆ పిల్లను తలుచుకుంటేనే ఎక్కువ కడుపు మండుతుంది, బెత్తం కంటే.

మొన్నటి వర్షాకాలంలో కాదు, అంతకు ముందు, కోరుట్లలో తన తరగతిలోనే ఒక పిల్ల లేచి అడిగింది, "మేడం, తిప్పుడు పద్ధతిల రాస్తె మార్కులిస్తరా?" అదేమిటంటే ఫోన్‌లో వీడియో ఉందంది. స్టాఫ్ రూంలో ఒక్కతే కూర్చుని చూసింది. పారదర్శకమైన ప్లాస్టిక్ త్రిభుజం పట్టుకుని రాజేశం సార్. తిప్పాడు. బి ఉన్న చోటికి సి వచ్చింది. "ఒకనాడు క్లాస్ల పాఠం చెప్తుంటే, గీ గీత ఎందుకు అని నాకు తట్టింది" అంటున్నాడు, నిర్మాణం, అవసరం లేదు అని రాశాడు, అవే మాటలు, అదే వరుస. బోధనోపకరణాల మేళాలో బహుమతి వచ్చిందట. వీడియోను ఆపి ఆయన కళ్లను దగ్గరగా చూసింది. అబద్ధం చెప్పే కళ్లలా లేవు. అయితే మరిచిపోయాడా? అదొక సందర్భం. ఎన్నడో ఒక రోజు ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ పిల్ల రాసింది ఒప్పే కదా అని వెలిగి, ఆ వెలుగుకు ముందు జరిగినదాన్ని తనే తుడిచేసుకున్నాడా? అది రెండోది. నిజంగానే ఆయనకు విడిగా తట్టిందా, ఎన్నడో ఎవరికో తట్టినట్టు, తనకు తట్టినట్టు? అది మూడోది. ఒక్కో సందర్భాన్నీ తీసుకుని ఇది అసాధ్యం అని కొట్టేయడానికి ఏమైనా దొరుకుతుందా అని చూసేది, బస్సులో, వంటింట్లో, సూపర్‌విజన్ చేస్తూ పరీక్ష హాల్లో. ఏదీ కొట్టుడు పడలేదు. తరగతిలో మాత్రం పిల్లలు రాజేశం సార్ పద్ధతి అని రాస్తుంటే టిక్కు పెట్టింది. పూర్తి మార్కులిచ్చింది. తప్పు కాదు కదా.

పక్కన కల్పన సెల్ఫీ తీసుకుంటోంది. "కల్పనా," అంది ప్రవీణ, "నేను బోర్డు మీద రాస్తె సార్ కొట్టిండు చూడు, ఏం రాసిన్నో యాదికున్నదానే?"

"దెబ్బలు యాదికున్నయే. అబ్బ, చెయ్యి గింత వాసె. లెక్క ఎవలకు యాదికుంటది?" ఫోన్ దించింది కల్పన. "గిప్పుడెందుకే గవన్ని? మనిషి రిటైరైతుండు. మంచిగ నాలుగు ముక్కలు చెప్పి రా పో."

దెబ్బలు గుర్తున్నాయి, లెక్క గుర్తు లేదు. తరగతి నిండా ఉన్న అంత మందిలో ఒక్కరి తలలోనైనా మిగిలిందా ఆ లెక్క? ఇక్కడ ఇప్పుడు లేచి వెళ్లిపోతే చాలు, బస్టాండు ఎంతో దూరం లేదు. లేవబోయింది కూడా. అప్పుడే మధుకర్ గొంతు మైకులో మోగింది. "ఇప్పుడు సార్ అడుగుజాడల్ల నడుస్తున్న లెక్కల టీచర్, కోరుట్ల నుంచి ప్రవీణ మేడం!" చప్పట్లు. లేచిన మనిషి కనుక అటు నడవక తప్పలేదు.

మెట్లెక్కింది. సార్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు, ఈమె వంగి కాళ్లకు మొక్కింది, మొక్కకూడదనుకున్నా నడుము వంగింది. మైకు చల్లగా ఉంది. నాలుగు ముక్కలు సిద్ధంగానే ఉన్నాయి, మా గురువు గారు, ఆయన పెట్టిన భిక్ష, ఇట్లాంటివి. నోరు తెరిస్తే అవి రాలేదు.

"గా నిరూపణ నాది" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తొమ్మిదో తరగతిల నేను బోర్డు మీద రాసిన. సార్ తప్పని తుడిచిండు."

మొదట నవ్వింది మధుకర్. నవ్వుతూనే మైకు అందుకున్నాడు. "చూసిన్రా! శిష్యులంటె గిట్లుండాలె. గురువు చెప్పిందాన్ని నాదే అనుకునేటంత సొంతం చేసుకున్నరు మేడం! గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి!" కొట్టారు. ఇంతకు ముందు ఎవరికీ పడనంత గట్టిగా పడ్డాయి చప్పట్లు. ముందు వరుసలో ఒక పెద్దావిడ కళ్లు కూడా తుడుచుకుంది. కాదు, అట్లా కాదు, అని ప్రవీణ అంటూనే ఉంది, మైకు తన చేతిలో లేదు. సార్ కూడా చప్పట్లు కొడుతున్నాడు. తరవాత మైకు తీసుకుని, "ఈ ప్రవీణ చిన్నప్పటి సంది గింతే, మొండిది. గా మొండితనం నేను నేర్పిందే" అన్నాడు. మళ్లీ నవ్వులు.

దిగిపోనివ్వలేదు. పాత విద్యార్థులందరూ స్టేజీ మీదికి రావాలని మధుకర్ పిలిచాడు, ఫోటో అన్నాడు. కల్పన పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది, "మస్తు మాట్లాడినవే, అందరు ఎంత నవ్విన్రో" అంటూ ఆమెను సార్ పక్కకు నెట్టింది. ఫోటోగ్రాఫర్ దగ్గరికి జరగమన్నాడు, జరిగారు. సార్ ఒంటి మీది శాలువాల నుంచి కొత్త బట్ట వాసన, గంధం వాసన. ఆయన చెయ్యెత్తి ఆమె తల మీద పెట్టాడు, దీవిస్తున్నట్టు. కెమెరా వైపే చూస్తున్నాడు. పెదవుల మీది నవ్వు చెదరకుండా, పక్కవాళ్లకు కూడా వినబడకుండా, మెల్లగా అన్నాడు.

"అందరి ముందట గట్ల అనకుండ ఉండాల్సుండె బిడ్డా."

ప్రవీణ తల తిప్పి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఆమె వైపు తిరగలేదు. ఆ ముఖంలో మరిచిపోవడం లేదు, ఏనాడూ లేదు. ఇన్నాళ్లుగా పేర్చుకున్న సందర్భాలన్నీ ఒక్క మాటతో కొట్టుడు పడి, ఒక్కటే మిగిలింది, అన్నీ తెలిసే తనదన్నాడు. దానికి సాక్ష్యం ఆమె చెవిలో తప్ప ఎక్కడా లేదు.

"మేడం, ఇటు చూడుండ్రి, జర నవ్వుండ్రి," ఫోటోగ్రాఫర్ కేకేశాడు. "మేడం తల తిప్పిన్రు, ఖరాబైంది. ఇంకోటి తీస్త, ఎవలు కదలద్దు."

ఆయన చేతి కింద నుంచి తల పక్కకు తీసుకుంది. కల్పన ఏదో అంటున్నా వినకుండా, మనుషుల మధ్య దారి చేసుకుంటూ స్టేజీ మెట్లు దిగింది. వెనుక ఆమె నిలబడ్డ చోటును పక్కవాళ్లు జరిగి పూడ్చుకున్నారు. అందరూ నవ్వండి అన్న కేక వినిపించింది, నవ్వినట్టున్నారు, ఫ్లాష్ వెలుగు హాలు గోడల మీద పడి ఆరిపోయింది.